కొత్తది కొత్తగానే ఉండాల

ముందే చెప్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి వరకే చదివాను. అదీ కూలి పని లేని రోజుల్లో మాత్రమే బడికి పోయి చదివిన చదువు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ అనుమానమే. "నాతోని చెప్పినట్టే రాయమ్మా, ఏమైతది" అని మా అమ్మాయి అంటే ధైర్యం చేసి కూర్చున్నాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. ఇది నా గురించి కాదు.

నేను కూర్చున్న కుర్చీకి ప్లాస్టిక్ కవరు ఉంది. కదిలినప్పుడల్లా కరకరమంటుంది. ఉక్కపోస్తే వీపుకు అతుక్కుంటుంది. తీసేద్దామని మా అమ్మాయి రోజూ గొడవ. నేను వద్దంటాను. ఈ కుర్చీ అక్కది. కవరు తియ్యడం ఆమెకు ఇష్టం ఉండదు. ఉండేది కాదు అని రాయాలేమో. చనిపోయింది కదా.

అక్క అంటే తోడబుట్టింది కాదు. నేను యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్‌లో ఊడ్చే పని చేస్తాను. అక్క అక్కడే అటెండరు. హెడ్డు సారు గది బయట, తలుపు పక్కన ఇనుప స్టూలు మీద కూర్చునేది. బెల్లు మోగితే లేచేది. ఊరు కడప దిక్కు. భర్త అక్కడే అటెండరుగా చేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. ఆ స్టూలు కూడా ఆయన కూర్చున్నదే. పిల్లలు లేరు. తార్నాకలో ఒక ఇంటి మేడ మీద చిన్న పోర్షన్‌లో ఒక్కతే అద్దెకు ఉండేది. నేను లాలాపేట్ నుంచి నడిచి వస్తూ ఆమె గేటు దగ్గర ఆగి పిలిచేదాన్ని. ఇద్దరం కలిసి క్యాంపస్‌కు పోయేవాళ్ళం. వాళ్ళ దిక్కు ఆడవాళ్ళను చనువుగా "మే" అంటారట. నన్నూ అట్లాగే పిలిచేది.

అక్క ఏ కొత్త వస్తువుకూ కవరు తియ్యదు. టీవీ రిమోటు కవర్లోనే ఉండేది. నొక్కీ నొక్కీ కవరు తెల్లగా మారి అంకెలు కనిపించకపోయినా సరే. గొడుగు పిడికి కవరు. చేతిసంచి జిప్పుకు కవరు. కళ్ళజోడు కొన్నప్పుడు అద్దం మూలకు అంటించి ఇచ్చిన చిన్న స్టిక్కరు కూడా పీకలేదు. మెడ కొంచెం పక్కకు వంచి, ఆ స్టిక్కరు పక్క నుంచి మనల్ని చూసేది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను తలుచుకుంటే ఆ వంపు మెడే తలుచుకుంటారు.

నేను నవ్వేదాన్ని.

"నవ్వు మే, నవ్వు. కొత్తది కొత్తగానే ఉండాల" అనేది.

"ఎన్ని దినాలు ఉంటదక్కా గట్ల?"

"ఉన్నన్ని దినాలు ఉంటాది. కవర్ తీసినావంటే ఆ పొద్దే పాతదై పోతాది."

ఒక్కసారి మాత్రం నవ్వకుండా చెప్పింది. డిపార్ట్‌మెంట్ వెనక మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నాం. "నాకొచ్చినవన్నీ ఒకరు వాడినవే మే. మా పెద్దక్క చీరలు, మా వదిన గిన్నెలు. ఆఖరికి ఈ ఉద్యోగం గూడా నా మొగుడు వాడి ఇడిసిపెట్టిందే. ఏదన్నా కొత్తది చేతికొస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు" అని పెరుగన్నం కలుపుకుంది. నేను మామిడికాయ ముక్క ఆమె గిన్నెలో వేశాను.

అక్కకున్న పనుల్లో పెద్ద పని సర్కులర్లు తిప్పడం. ఆఫీసులో కాగితం టైపు కొట్టి ఇస్తారు. అక్క దాన్ని పట్టుకుని గది గదికీ పోయి అందరి సంతకాలూ పెట్టించుకుని రావాలి. ప్రతి కాగితమూ "ఇందుమూలముగా అందరికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యేది. తిప్పీ తిప్పీ ఆ మాటలు అక్క నోటికి అంటుకుపోయాయి. నేను పొద్దున ఆలస్యంగా వస్తే మేడ మీద నుంచే అరిచేది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, లాలాపేట్ మహారాణి గారు రేపటి నుంచి అలారం పెట్టుకోవలెను!"

"సంతకం పెట్టాల్నా అక్కా?" అని కింద నుంచి నేను.

"పెట్టు మే, గేటు మీద పెట్టు."

అట్లాంటి మనిషికి ఒకటే కోరిక. ఒక్క సర్కులరన్నా తన చేత్తో కొట్టాలి. తిప్పడం కాదు, కొట్టడం. అంటే జూనియర్ అసిస్టెంటు కావాలి. అటెండర్లకు ఆ ప్రమోషన్ ఇస్తారు, కానీ కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలి. దానికోసమే అక్క ఓపెన్ స్కూల్లో కట్టి ఇంటర్ పాసైంది. తీరా పరీక్ష నోటీసు వచ్చేసరికి రిటైర్మెంట్ దగ్గర పడింది. ఈసారి తప్పితే మళ్ళీ రాయనివ్వరు.

"జూనియర్ అసిస్టెంటుకు కుర్చీ ఉంటాది మే. వీపు ఆనించుకునేది" అన్నది నాతో. స్టూలు మీద కూర్చునేవాళ్ళకే ఆ మాట అర్థమవుతుంది.

ఇంట్లో నేర్చుకోవడానికి కంప్యూటర్ కొంటానన్నది. షాపులో బిగించి పెట్టినవి చూసి వచ్చి, వద్దన్నది. పదిమంది ముట్టుకున్నది తనకెందుకట. విడివిడిగా సామాన్లు తెచ్చుకుని తానే బిగిస్తానన్నది. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు విప్పినప్పుడల్లా టెక్నీషియన్‌కు టార్చి పట్టింది అక్కే. "చూసి చూసి వచ్చేసింది మే. కుట్టుమిషన్ కంటే సులువు" అన్నది. కుర్చీ కూడా అప్పుడే కొన్నది, గుండ్రంగా తిరిగేది. ఇదే.

ఒక ఆదివారం పొద్దున నన్ను రమ్మన్నది. డబ్బాలన్నీ మంచం మీద వరసగా పెట్టి ఉన్నాయి. అక్క తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని కూర్చుంది. ఈసారి టార్చి నా చేతికి వచ్చింది. ప్రతి డబ్బాకూ టేపు గోరుతో లేపి, అట్ట చిరగకుండా విప్పింది. లోపలి సామాను బయటికి తీసి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకునేది. అన్నీ బిగించే ఇనుప పెట్టెకు ఒక పక్క అద్దం ఉంది. దాని మీద ప్లాస్టిక్ పొర ఉంటే నేను మూల గీరబోయాను. చేతి మీద ఒక్కటి కొట్టింది.

"ఏయ్! గీతలు పడతాయి. ఉండనీ."

"మరి లోపల కనపడదు కదక్కా."

"లోపల ఏముండాదో నాకు ఎరికే గదా, బిగించేది నేనే గదా."

ప్రాసెసర్ అని ఒక చదరపు బిళ్ళ ఉంటుంది. దాన్ని గూట్లో పెట్టి, దాని వేడి లాగడానికి పైన ఒక ఫ్యాను బిగించాలి. మధ్యలో పేస్టు రాయాలి. ఫ్యాను తీసి తిప్పి చూస్తే అడుగు భాగం అద్దంలాగా మెరుస్తోంది. అక్క ముఖం అందులో కనిపించింది. "ఎంత బాగుండాదో చూడు మే, నా మొగం గూడా బాగ కనిపిస్తాండాది" అని మురిసిపోయింది. పేస్టు రాసి, ఫ్యాను పెట్టి, నాలుగు మూలలా బిగించింది. చెమట బొట్టు లోపల పడుతుందేమోనని మధ్యమధ్యలో లేచి పక్కకు పోయి కొంగుతో తుడుచుకుని వచ్చేది.

స్విచ్చి వేస్తే వెలిగింది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

మర్నాడు ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి అందులో వేయాల్సినవన్నీ వేసి పోయాడు. ఆయన పని చేస్తుండగానే అది రెండు మూడు సార్లు ఆగింది. "కరెంటు తక్కువొస్తున్నదేమో అక్కా" అన్నాడు. అక్కడ పట్టుకుంది మమ్మల్ని ఆ కరెంటు మాట.

ఆ కంప్యూటర్ అన్నం ఉడికేంత సేపు బాగానే నడిచేది. తర్వాత లోపలి ఫ్యాను గొంతు పెంచేది. కుక్కరు కూత పెట్టే ముందు బుసకొడుతుందే, అట్లా. ఆ వెంటనే టప్పున ఆగిపోయేది. కొంచెం సేపు ఆగి వేస్తే మళ్ళీ వెలిగేది. మళ్ళీ అదే. వైర్లు పీకి పెట్టాం. ర్యామ్ అనే పట్టీని తీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టాం. ల్యాబ్‌లో అందరూ అదే చేస్తారు. ఏమీ మారలేదు.

ఒకరోజు దాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని క్యాంపస్‌కు తెచ్చింది. పక్కన నేను. ఆటో అతను అద్దంలో చూసి, "అమ్మా, లోపట మనిషి గిట్ల ఉన్నడా ఏంది, గంత పైలంగ పట్టుకున్నరు?" అన్నాడు.

"ఉండాడప్పా. మా హెడ్డు సారు. గుంతల్లో చూసి పోనీ" అన్నది అక్క.

ల్యాబ్‌లో పక్క మూత తీసి, ఏసీ కింద పెట్టి ఆన్ చేస్తే మధ్యాహ్నమంతా ఆగకుండా నడిచింది. టెక్నీషియన్ చేతులు దులుపుకున్నాడు. "మిషన్ మంచిగనే ఉన్నదక్కా. మీ ఇంటి కరెంటే ఖరాబున్నది. ఎర్తింగ్ చేయించుకోండ్రి. అప్పటిదాకా గీ మూత తీసి పెట్టుకోండ్రి, గాలి తగుల్తది."

"మూత తీస్తే దుమ్ము పడదూ?" అని అక్క మూత మళ్ళీ బిగించేసింది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంటి ఓనరమ్మను బతిమాలి, పెరట్లో గుంత తవ్వించింది. ఉప్పూ బొగ్గులూ పోసి కడ్డీ పాతి, మేడ మీదకు తీగ లాగారు. ఎర్తింగ్ ఆరిపోకుండా రోజూ బిందెడు నీళ్ళు పొయ్యమన్నారు. అక్క పొద్దున లేచి తులసికి పోసినట్టు ఆ గుంతకు నీళ్ళు పోసేది. ఓనరమ్మ వరండాలో నిలబడి, "ఏందమ్మా, మీ కంప్యూటర్‌కు మస్తు దూపయితున్నదా?" అనేది.

"ఎండలు గదమ్మా" అనేది అక్క, నీళ్ళు పోస్తూనే.

దూప తీరినా అది ఆగడం మానలేదు. "తార్నాకల గంత పెద్ద రిపేరు షాపున్నది, చూపిద్దాం పా అక్కా" అని నేను అన్నాను.

"నేను బిగించింది వాడెవుడో ఇప్పదీస్తే, ఇంక నేను బిగించిందెట్లయితాది మే?"

దాంతో నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పరీక్ష ముంచుకొస్తోంది. అక్క ఆ ఆగిపోయే మిషను మీదనే నేర్చుకుంది. మొదట్లో అది ఆగినప్పుడల్లా కొట్టిందంతా పోయేది. తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. ఫ్యాను గొంతు పెరగడం వినగానే, సేవ్ నొక్కి, తానే మిషను ఆపేసేది. "దానంతటది పడిపోతే లోపల దెబ్బ తగుల్తాది. మనమే మర్యాదగా పండబెట్టాల" అనేది. ఆపి, పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది, పిల్లకు జ్వరం తగ్గిందా అని చూసినట్టు. చల్లబడ్డాక, "లేచింది రామ్మే" అనేది. నేను పక్కన కూర్చుని కాగితం చూసి కూడబలుక్కుంటూ చదివితే ఆమె కొట్టేది. అన్నం ఉడికేలోపు పేజీ అయిపోవాలి కాబట్టి వేళ్ళకు వేగం వచ్చింది. నా చదువే వెనకబడేది. అప్పుడు సొంతంగా కొట్టేది. కొట్టి నన్ను చదవమనేది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఊడ్చు పనివారు తెచ్చిన చింతకాయ తొక్కులో ఉప్పు ఎక్కువైనది. దీనిని తీవ్రముగా పరిగణించడమైనది."

నేను చదివి కొట్టబోతే కుర్చీ తిప్పుకుని తప్పించుకునేది. కవరు కరకరమనేది. అక్క నవ్వు తలుచుకుంటే ఆ చప్పుడు కూడా కలిసే వినపడుతుంది నాకు.

పరీక్ష రోజు గేటు దగ్గరికి వచ్చిన మనిషిని చూసి ఆగిపోయాను. మెడ నిటారుగా ఉంది. కళ్ళజోడు మీద స్టిక్కరు లేదు.

"పీకేస్తి మే. పరీక్షలో అడ్డమొస్తాది" అన్నది సిగ్గుపడుతూ. జిగురు మరక తుడిచినా పోలేదు, చిన్న మచ్చ ఉంది.

క్యాంపస్‌లో ఇంకో బ్లాకులో పరీక్ష. ఆమె చేతిసంచి పట్టుకుని నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. బయటికి అందరికంటే ముందు వచ్చింది అక్క. వేగంగా కొడుతుంది కదా, అయిపోయిందనుకుని సంబరంగా లేచాను.

"అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది మే."

వచ్చి నా పక్కన కూర్చుంది. నీళ్ళు ఇస్తే తాగలేదు. ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడినట్టు చెప్పింది.

"బాగ కొడతాంటి. నా పక్కనాయప్ప ఇంకా మొదటి లైన్లోనే ఉండాడు. నాది సగం దాటింది. అప్పుడు ఫ్యాను అరిసింది."

నాకు అర్థమైంది. అయినా అడిగాను. "అయితే?"

"అది ఫ్యాను గాదంట. గోడకుండే ఏసీ అంట, ఆగి మళ్ళీ మొదలైందంట. నాకేం తెలుసు? నా చెయ్యి అదే పోయింది మే, నేను పంపలేదు. సేవ్ కొడితి. ఆపేస్తి. ఆపి దాని మీద చెయ్యి గూడా పెడితి." అరచెయ్యి తిప్పి చూసుకుంది. "చల్లగా ఉండాది."

"మళ్ళ ఆన్ చెయ్యమని అడగకపోయినవా?"

"అడిగినా. ఎందుకాపినావమ్మా అని ఆ సారు అడిగితే, వేడెక్కుతాది సార్ అంటి. అందరూ నవ్విరి. ఒకసారి ఆపితే పరీక్ష ముగించినట్టేనంట. నువ్వే ముగించినావు గదమ్మా అన్నాడు." కళ్ళజోడు తీసి ఆ జిగురు మచ్చను గోరుతో గీకుతూ, "ఆ స్టిక్కర్ తియ్యకుండా ఉండాల్సింది" అన్నది.

పాసైనవాళ్ళ పేర్లు సర్కులర్‌గా వచ్చాయి. మా డిపార్ట్‌మెంట్‌లో దాన్ని తిప్పింది అక్కే. గది గదికీ పోయి, ఆమె పేరు లేని ఆ కాగితం మీద అందరి సంతకాలూ పెట్టించుకుని వచ్చి, ఆఫీసులో ఇచ్చి, స్టూలు మీద కూర్చుంది. నేను వరండా తుడుస్తున్నాను. నా వైపు చూడలేదు.

తర్వాత ఆమె కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు. పాత చీరతో దానికి తొడుగు కుట్టి కప్పేసింది. ఎర్తింగ్ గుంతకు మాత్రం రోజూ నీళ్ళు పోసేది. ఎందుకని అడిగితే, "అలవాటై పోయింది లే మే" అన్నది. సర్కులర్ మాటలు మానేసింది. నేను ఆలస్యంగా పోయినా మేడ మీద నుంచి అరిచేది కాదు. గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉండేది. ఒకటి రెండుసార్లు నేనే, "ఇందుమూలముగా అక్కకు తెలియజేయునది" అని మొదలుపెట్టాను. "పా మే, టైమైంది" అన్నది.

రిటైర్మెంట్ రోజు దండ వేసి శాలువా కప్పారు. ఫోటో కోసం హెడ్డు సారు తన కుర్చీలో కూర్చోమన్నారు. అక్క అంచు మీద కూర్చుంది. వీపు ఆనించలేదు. ఫోటో తీసే అతను "వెనక్కి జరుగమ్మా, ఫ్రీగ కూసో" అన్నా జరగలేదు. ఆ శాలువాను మళ్ళీ మడత పెట్టి దాని కవర్లోనే పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత ఒక్క వానాకాలం కూడా గడవలేదు. జ్వరమన్నది. మాత్రలు వేసుకుంటున్నానన్నది. ఓనరమ్మ ఫోన్ చేసి ఆసుపత్రిలో చేర్చామంటే పరుగెత్తాను. అప్పటికే మాట లేదు. నా అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టాను. కాలిపోతోంది.

కడప నుంచి తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. కర్మలయ్యాక ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చి నన్ను పిలిచాడు. కవర్లు తియ్యని సామాన్లన్నీ కింద పరిచి ఉన్నాయి. "మా అక్క ఏందమ్మా, షాపు పెట్టుకున్యట్ల పెట్టుకునింది!" అని కళ్ళు తుడుచుకున్నాడు. కంప్యూటరూ ఈ కుర్చీ నన్ను తీసుకోమన్నాడు.

మా అమ్మాయికి కాలేజీలో కంప్యూటర్ పని ఉంటుంది. అందుకని దాన్ని మొన్న తార్నాకలో ఆ రిపేరు షాపుకే తీసుకుపోయాను. వద్దన్న షాపుకే. కొంచెం సేపు నడిచి ఆగిపోతుందని చెప్పాను. షాపతను మూత తీశాడు, లోపల చెయ్యి పెట్టాడు, ఫ్యాను విప్పాడు. తిప్పి చూసి పెద్దగా నవ్వాడు.

"ఎవరు బిగించిండ్రమ్మా గిది?"

"ఏమైంది బాబూ?"

అతను ఫ్యాను అడుగు నుంచి గోరుతో ఒక మూల లేపి లాగాడు. సన్నటి ప్లాస్టిక్ పొర. పేస్టు మరకలతో వచ్చేసింది. "కొత్త ఫ్యాను మీద వస్తది గిది. తీసి పెట్టాలె. తియ్యకుంటే వేడి ఎట్ల పోతది? దీని మీద రాసే ఉన్నది చూడు, తియ్యమని ఇంగ్లీషుల. పాపం ఎవరో గాని మస్తు భద్రం చేసిండ్రు!"

"మా అక్క" అన్నాను.

నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. కొత్త పేస్టు రాసి బిగించాడు. అంతే పని. స్విచ్చి వేశాడు. నేను అక్కడ బల్ల మీద కూర్చున్నాను. అన్నం ఉడికేంత సేపు అయింది. ఇంకా అయింది. ఫ్యాను అరవలేదు. అతను వేరే పని చూసుకుని వచ్చి, "ఇగ ఆగదమ్మా" అని, పక్కనున్న అద్దం మీది పొర మూల పట్టుకున్నాడు. "గిది గూడ తీస్త. లోపట మంచిగ కనిపిస్తది."

"ఉండనియ్యి బాబూ" అన్నాను. "గీతలు పడతయి."

ఇప్పుడు అది మా ఇంట్లో ఉంది. అక్క కొట్టిన సర్కులర్లు అందులో ఉన్నాయి, అన్నీ మధ్యలో ఆపినవే. కీబోర్డు కవరు మీద అక్క అంటించిన తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ ఇదంతా నేను దాని మీదే కొడుతున్నాను. ఇవాళ సెలవు. పొద్దున పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికింది, కూర ఉడికింది, మా అమ్మాయి తిని బయటికి పోయింది. ఇది ఆగలేదు. నేనే మధ్యమధ్యలో వేళ్ళు ఆపి వింటున్నాను. ఆ బుస ఇంక రాదని తెలుసు. అది రాకపోతేనే నాకు ఇల్లంతా ఖాళీగా ఉంది.

ఇందుమూలముగా చదువరులందరికీ తెలియజేయునది ఏమనగా, ఇది కొట్టినామె చదువు తక్కువది. ఇందులో చాలా తప్పులు ఉండును. పెద్ద మనసుతో మన్నించవలెను. సంతకాలు పెట్టించుకోవడానికి అక్క రాదు. ఎవరి సంతకం వాళ్ళే మనసులో పెట్టుకోవలెను. ఈ మిషను మీద మధ్యలో ఆపకుండా చివరిదాకా కొట్టిన మొదటి సర్కులరు ఇదే.